చెరిగిన పద్దు, చెరగని మూడు నెలలు

పామర్రు చేపల మార్కెట్టులో కొక్కిలిగడ్డ నాగమల్లేశ్వరి గురించి నాలుగు మాటలు తిరుగుతున్నాయి. బ్యాంకు అప్పు ఎగ్గొట్టి, ఆరేళ్ళు తిరక్కుండా అదే చేత్తో మరో అప్పు తెచ్చుకుందన్నది మొదటిది. బెజవాడ ఏజెంటుకు ఎనిమిది వేలు పోసి, బొంబాయిలో తన పేరు కడిగించుకుందన్నది రెండవది. వేలంపాట జరిగే అరుగు దగ్గర, పదిమందీ చూస్తుండగా, బావగారు నాగులు కాళ్ళ మీద పడిందన్నది మూడవది. బ్యాంకు మేనేజరు తమ కులంవాడు కనుక కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడన్నది నాలుగవది.

ఈ మాటలు చెప్పినవారిలో ఒక్కరూ ఒక్క కాగితమైనా చూసినవారు కారు. నాలుగవదానికి జవాబు చిన్నది: మేనేజరుది అనంతపురం, ఆయన ఇంట్లో చేప వండరు. మిగిలిన మూడూ తేలాలంటే 2002 జూన్ నెల దగ్గర మొదలుపెట్టాలి.

అంతకు మూడేళ్ళ ముందు ఆ కుటుంబం తొంభై వేలు అప్పుచేసి ట్రాలీ ఆటో కొన్నది. బందరు రేవులో సరుకు కొనడం నాగులు పని. దాన్ని ఆటోలో తేవడం నాగమల్లేశ్వరి భర్త, నాగులుకు తమ్ముడు అయిన కోటి పని. పామర్రులో అమ్మడం ఆమె పని. చేపలమ్మే ఇళ్ళలో వల మగవాడిదైతే డబ్బు సంచి ఆడదానిది. అందుకే అప్పూ బండీ ఆమె పేరునే వచ్చాయి. వాయిదాలు ముప్పై ఆరు. రెండవ ఏడు కోటికి కడుపు ఆపరేషను జరిగి, మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మూడు వాయిదాలూ ఆగాయి. నవంబరులో మూడూ కలిపి, అపరాధ వడ్డీతో సహా కట్టింది. ఆ తరువాత ఒక్కటీ తప్పలేదు.

చివరి వాయిదా కట్టిన రోజు బ్యాంకువారు ఒక కవరిచ్చారు. అందులో రెండు కాగితాలు. బండి మీద తమకిక తాకట్టు లేదని రవాణా ఆఫీసుకు రాసినది ఒకటి. మీకూ మాకూ బాకీ ఏమీ లేదని ఆమెకు రాసినది మరొకటి. మొదటిదాన్ని కోటి బెజవాడ తీసుకుపోయి, ఆర్‌సీ పుస్తకంలో తాకట్టు రద్దు చేయించుకొచ్చాడు. రెండవదాన్ని ఆమె నాలుగు ముక్కలు చేసి, చిటికెడు పసుపు చల్లి, కాలువలో వదిలింది.

అది పిచ్చితనం కాదు. అత్తగారు పున్నమ్మ నేర్పిన పద్ధతి. ఆ ఇళ్ళలో అప్పులన్నీ ప్రోనోటు మీద నడిచినవే. తీరిన నోటును వెనక్కి పుచ్చుకుని, స్టాంపు మీది సంతకం చించి, పారే నీటిలో కలపాలి. “తీరిన అప్పు కాయితం ఇంట్లో ఉంచితే దానికి మళ్ళీ ఆకలేసుద్ది,” అనేది పున్నమ్మ. ప్రోనోటు విషయంలో ఇది తెలివైన ఆచారమే. నోటు అప్పిచ్చినవాడి చేతిలోని కత్తి. చించేస్తే ఇక వాడు కోర్టుకెక్కలేడు. బ్యాంకు ఉత్తరం కత్తి కాదు, డాలు. అది తీర్చినవాడి దగ్గర ఉండాలి. ఆ తేడా బ్యాంకులో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

మరుసటి ఏడు అన్నదమ్ముల వ్యాపారం విడిపోయింది. విడిపోయిన తీరు మంచిది కాదు. పాట అరుగు మీద నిలబడి, పదిమందిలో, నాగమల్లేశ్వరి బావగారి మీద రెండు నిందలు వేసింది. తక్కెడ పళ్ళెం కింద తారు ముద్ద అంటించి తూకంలో దిగమింగుతున్నాడన్నది ఒకటి. ఐసు ఫ్యాక్టరీ డబ్బు రెండుసార్లు లెక్క చూపించి మిగుల్చుకున్నాడన్నది రెండవది. మొదటిది నిజం, ఆ తారు ముద్దను ఆమె స్వయంగా గోటితో పీకింది. రెండవది అనుమానం మాత్రమే. ఏడాది తిరగకుండానే ఐసు ఫ్యాక్టరీ యజమాని బసవయ్య ఆమె ఇంటికి వచ్చి, దొంగ లెక్క రాసింది తన గుమాస్తా అని తేలిందని చెప్పి వెళ్ళాడు. ఆమె విని ఊరుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఈ కథలో ఆమె తప్పు ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉంది.

ఆటో నాగులు వాటాకు పోయింది. రెండిళ్ళ మధ్యా మాటలు పోయాయి.

2008 శ్రావణంలో ఆమెకు ఒక బేరం తగిలింది. విజయవాడ వన్ టౌన్‌లో హమాలీలకూ గుమాస్తాలకూ భోజనం పెట్టే మెస్సు యజమాని అంతోని కబురు పెట్టాడు.

“కార్తీకం ఎల్లగానే రోజుకి నలభై కిలోలు కావాలమ్మా. నెల్లాళ్ళు నోరు కట్టుకున్నోళ్ళు మొదటి రోజే మీద పడతారు. కానీ బస్సు టాపు మీద గంపలో తెస్తే నాకొద్దు. ఐసు పెట్టె బిగించిన వ్యాను ఉండాలి. నీకు లేదంటే చెప్పు, మీ బావ నాగులు కూడా అడుగుతున్నాడు.”

పాత వ్యాను ఒకటి మూడు లక్షలకు దొరికేటట్టుంది. ఆమె వన్ టౌన్‌లోనే ఒక బ్యాంకుకు వెళ్ళి దరఖాస్తు పెట్టింది. వారం తరువాత మేనేజరు పిలిచి, కుర్చీ చూపించకుండానే చెప్పాడు.

“మీ పేరు మీద పాత బాకీ ఉందమ్మా. ఆటో అప్పు. నలభై ఒక్క వేల మూడు వందలు. వసూలు కాదని ఆ బ్యాంకువాళ్ళు రాసుకున్నారు.”

“కట్టేశానండీ. ఆఖరి రూపాయి దాకా కట్టాను.”

“కాగితం?”

“లేదండీ.”

“కట్టినవాళ్ళ దగ్గర కాగితం ఉంటుందమ్మా,” అన్నాడు మేనేజరు. “కట్టనివాళ్ళ దగ్గర కథ ఉంటుంది.”

ఆ మాట ఆమెను కొట్టినట్టే తగిలింది. అయినా కదలలేదు. “ఎవరు రాశారండీ నా పేరు మీద?”

“బొంబాయిలో ఒక సంస్థ ఉంది. ఎవరు ఎలా కట్టారో బ్యాంకులన్నీ దానికి పంపుతాయి. అప్పిచ్చేముందు మేం చూస్తాం.”

“మీరు చూసిందాన్ని నేను చూడకూడదా?”

మేనేజరు మొదటిసారి తల ఎత్తాడు. “డీడీ తీసి, గుర్తింపు కాగితాలు పెట్టి రాస్తే పంపుతారట. ఇన్నాళ్ళలో ఎవరూ అడగ్గా నేను చూడలేదు.”

ఆమె అడిగింది. మూడు వారాలకు పోస్టులో ఆ నివేదిక వచ్చింది, అంతా ఇంగ్లీషులో. పామర్రులో దాన్ని చదివిపెట్టగలిగినది అమలమ్మ టీచరు. కాన్వెంటు బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. చేప కొన్న ప్రతిసారీ నాగమల్లేశ్వరితో పోట్లాడకుండా వెళ్ళేది కాదు. కళ్ళజోడు సవరించుకుని రెండు పేజీలూ రెండుసార్లు చదివింది.

“రెండు మచ్చలున్నాయే. రెండువేల సంవత్సరంలో మూడు నెలలు ఆలస్యం. తరువాత మొత్తానికే ఎగవేత. ఏది నిజం?”

“మొదటిది నిజం టీచరుగారూ. రెండోది అబద్ధం.”

“సాక్ష్యం?”

“కాలవలో కలిపేశా.”

అమలమ్మ కళ్ళజోడు మీదుగా చూసింది. “అయితే కాలవని రమ్మందాం, సాక్ష్యానికి.”

తిట్టవలసినంత తిట్టి, ఎగవేత అన్న రాతను ఒప్పుకోవడం లేదని సంస్థకు ఉత్తరం రాసిపెట్టింది. అది పోస్టు చేసి, ఆ సంగతి మేనేజరుకు చెప్పడానికి బెజవాడ వెళ్ళిన నాడే బ్యాంకు మెట్ల దగ్గర సురేష్ అనే ఏజెంటు తగులుకున్నాడు. పేర్లు బాగుచేయడం అతని వ్యాపారం.

“ఎనిమిది వేలు ఇవ్వక్కా, మొత్తం నేను చూసుకుంటా. ఎగవేతా తప్పే, ఆలస్యమూ తప్పే అని రాసేద్దాం. పది ఉత్తరాలు పడితే విసుగెత్తి వాళ్ళే తీసేస్తారు.”

“ఆ మూడు నెలలు కట్టని మాట నిజమేగా.”

“ఎవరు చూశారక్కా?”

“నేను చూశా.”

సురేష్ నవ్వాడు. “చేపలమ్ముకునేవాళ్ళకి ఇంత నిక్కచ్చి పనికిరాదక్కా. నిన్నటి చేపని ఇయ్యాళ్టిదని చెప్పి అమ్మరా మీరు?”

“చెప్తాం. మొప్ప ఎత్తి చూపించమంటే మాత్రం ఎత్తి చూపిస్తాం.”

అతనికి ఒక్క పైసా ముట్టలేదు. రెండవ మాట అబద్ధమనడానికి ఇంతకంటే వేరే ఆధారం అవసరం లేదు గానీ, ఉంది: డీడీలకూ జిరాక్సులకూ రిజిస్టరు పోస్టులకూ ఆమె పెట్టిన ఖర్చు రసీదులతో సహా అమలమ్మ దగ్గర ఉంది. అది ఆరువందలు దాటలేదు.

దసరా ముందు సంస్థ నుంచి జవాబు వచ్చింది: మీరు చెప్పిన సంగతి బ్యాంకును అడిగాము, రాసినది సరైనదే అన్నారు, కనుక మార్చలేము. అప్పిచ్చిన ఆ బ్యాంకు అప్పటికే మరో బ్యాంకులో కలిసిపోయింది. ఆమె కొత్త బ్యాంకుకు వెళ్ళింది. ఆ పుస్తకాలు గోడౌనులో ఉన్నాయి, గోడౌను హైదరాబాదులో ఉంది అన్నాడు గుమాస్తా. రెండు గంటలు బల్ల ముందు నిలబడితే, పీడ వదిలించుకోవడానికన్నట్టు ఒక్క మాట విసిరాడు.

“ఆ బండి ఆర్‌సీ పుస్తకం పట్రా. తాకట్టు కొట్టేసిన తేదీ అందులో ఉంటే మావాళ్ళు ఏం చెప్పుకుంటారో చూద్దాం.”

పుస్తకం నాగులు ఇంట్లో ఉంది.

“ఆ గుమ్మం తొక్కావంటే ఈ గుమ్మం తొక్కొద్దు,” అన్నాడు కోటి. ఆమె రెండు గుమ్మాలూ తొక్కింది.

నాగులు వాకిట్లో ఆటో పక్కన కూర్చుని ఐసు గోతాలు దులుపుతున్నాడు. ఆమెను చూసి, ఇంటి వైపు తిరిగి భార్యను కేకేశాడు. “వీరమ్మా, ఆవిడకేం కావాలో అడుగు.”

“ఆర్‌సీ పుస్తకం ఒక్క పూట ఇప్పించండి బావగారూ. జిరాక్సు తీయించి సాయంత్రానికి తెచ్చిస్తా.”

“దొంగోళ్ళ ఇంట్లో కాయితాలు ఆవిడకెందుకంట? అడుగు.”

“అక్కా, నేనిప్పుడు...”

“ఇప్పుడనలా, అప్పుడే అన్నావుగా,” అని అందుకుంది వీరమ్మ. “తూకం దొంగ, ఐసు దొంగ అని అరుగెక్కి మరీ అన్నావు. అయిదేళ్ళయింది. ఇయ్యాళ్టికీ మా ఆయన తక్కెడ ఎత్తితే కొనేవాడు వంగి పళ్ళెం కింద చూస్తాడు. నీకేమో ఇప్పుడు పేరు కావాల్సొచ్చిందా?”

నాగులు అయిదేళ్ళలో మొదటిసారి ఆమె ముఖం చూసి మాట్లాడాడు. “పదిమందిలో అన్నావు. పదిమందిలో తీసుకో అమ్మాయ్. రెండు మాటలూ తీసుకో. పుస్తకం నీ చేతిలో పెడతా.”

ఆమె ఇంటిదాకా నడిచి వచ్చింది. బేరం తేలికైనదే. రెండు అబద్ధాలు కాదు, ఒక నిజమూ ఒక అబద్ధమూ కలిపి వెనక్కి తీసుకోవాలి. ఎవరు చూశారని సురేష్ అడిగిన ప్రశ్నే ఇది, వేరే నోట వచ్చింది. తారు సంగతి ఆమెకు బాధ కలిగించలేదు. బాధించినది ఐసు సంగతి. బొంబాయివాళ్ళు తన మీద రాసినది అబద్ధమని వాళ్ళకు తెలియదు. తాను బావగారి మీద వేసినది అబద్ధమని తనకు నాలుగేళ్ళుగా తెలుసు. ఆ లెక్కన తన తప్పే పెద్దది. ఎంత తిప్పి చూసుకున్నా ఆ లెక్క మారలేదు.

మరునాడు ఉదయం పాట మొదలు కాకముందే అరుగెక్కింది.

“అయిదేళ్ళ కిందట ఇక్కడే రెండు మాటలన్నా. ఐసు డబ్బులు మా బావగారు తినలా. బసవయ్యగారి గుమాస్తా తిన్నాడు. ఆ సంగతి నాకు నాలుగేళ్ళ నించి తెలుసు. తెలిసీ చెప్పలా. అది నా తప్పు.”

నాగులు అరుగు కిందనే నిలబడి ఉన్నాడు.

“రెండోది?” అన్నాడు.

“తారు ముద్ద నా గోటితో పీకా బావగారూ. అది తీసుకోలేను.”

ఎవడో కిసుక్కున నవ్వాడు. మరొకడు, “తల్లే, సగమే కడిగావేంటి!” అన్నాడు. నాగులు ముఖం నల్లబడింది. సగం తీసుకోవడం అసలు తీసుకోకపోవడం కంటే అతనికి ఎక్కువ చేటు చేసింది. మరిచిపోయినవాళ్ళకు కూడా తారు గుర్తొచ్చింది. ఆ కోపానికి కారణం లేదనలేము.

“అయితే నీ పుస్తకాన్ని కాలవలో కలిపేశానని రాసుకో,” అన్నాడు. “నీకు అలవాటేగా.”

ఆమె అరుగు దిగి, కింద పెట్టిన గంప ఎత్తుకోవడానికి వంగింది. గంప పక్కనే నాగులు కాళ్ళున్నాయి. మూడవ మాటకు పుట్టుక అదే. దూరం నుంచి చూసినవారు కాళ్ళే చూశారు, గంప చూడలేదు.

పుస్తకం రాలేదు. ఆ సాయంత్రం అమలమ్మ గుమ్మంలో కూర్చున్నప్పుడు టీచరుకే ఒక ఆలోచన తట్టింది. “పుస్తకం వాడి దగ్గరుంటే ఉండనీ. అందులో రాత రాసినవాళ్ళ దగ్గర రిజిస్టరు ఉండదా?”

విజయవాడ రవాణా ఆఫీసులో గుమాస్తా బండి నంబరు చూసి పెదవి విరిచాడు. “ఇప్పుడు బండి మీది కాదు. యజమానిని తీసుకురండి.” ఆ యజమాని రాడు. అమలమ్మ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసింది. ఇప్పటి యజమాని సంగతి నాకు వద్దు. బండి నా పేరున ఉన్న రోజుల్లో దాని మీద ఏ తాకట్టు ఎప్పుడు చేరింది, ఎప్పుడు పోయింది, ఆ మాత్రమే చెప్పండి అని. కాదనడానికి గుమాస్తాకు చోటు లేకపోయింది. ఆలస్యం చేయడానికి మాత్రం చట్టమే ముప్పై రోజులిచ్చింది. ఇరవై తొమ్మిదవ రోజున, ముద్ర వేసిన కాగితం వచ్చింది: తాకట్టు రద్దు, 2002 జూన్ 24, బ్యాంకు సంతకం చేసిన పత్రం ఆధారంగా.

దాన్ని జతచేసి అమలమ్మ బ్యాంకుకూ సంస్థకూ మళ్ళీ రాసింది. అందులో అసలు వాక్యం ఒక్కటే: నలభై ఒక్క వేల రూపాయల బాకీ ఉన్న బండిని బ్యాంకు తన చేత్తో సంతకం చేసి ఎందుకు వదిలిపెట్టిందో దయచేసి తెలుపగలరు.

“ఆ మూడు నెలల గురించి ఏం రాయమంటావు? వాళ్ళు అడగలేదు, వదిలేద్దామా?” అంది కలం పట్టుకుని.

“నిజమని రాయండి. ఆపరేషనని రాయండి. వడ్డీతో కట్టానని రాయండి.”

“నష్టమొచ్చే పనులన్నీ నిజాయితీగానే చేస్తావు నువ్వు,” అని గొణిగి, టీచరు రాసింది.

జనవరిలో కొత్త నివేదిక వచ్చింది. ఎగవేత పద్దు పోయింది. ఖాతా ముగిసింది, బాకీ సున్నా అని ఉంది. రెండు బ్యాంకులూ కలిసినప్పుడు ముగింపు తేదీ కొత్త కంప్యూటరులోకి ఎక్కలేదట. క్షమించమన్న మాట ఎక్కడా లేదు. దాని కిందనే, 2000 సంవత్సరంలో మూడు నెలల ఆలస్యం, ఉన్నది ఉన్నట్టే ఉంది.

మేనేజరు ఈసారి కుర్చీ చూపించాడు. మూడు లక్షలు మాత్రం ఇవ్వలేదు. “ఆ మూడు నెలలు ఉన్నాయి కదమ్మా. రెండిస్తాను.”

“ఉంటాయండీ. రెండే ఇప్పించండి.”

అప్పటికి కార్తీకం వెళ్ళి రెండు నెలలైంది. అంతోని మెస్సు బేరం నాగులుకు పోయింది. చేపలు వెళుతున్నది అదే ఆటోలో, దాని వెనక కొత్తగా బిగించిన ఐసు పెట్టెలో. ఒక్క పూట పుస్తకం ఇచ్చి ఉంటే ఆమెకు నెల రోజులు మిగిలేవి, ఆ బేరం దక్కేదేమో. అది నాగులుకు తెలుసు. రెండు లక్షలకు వచ్చిన వ్యాను మరీ పాతది. చలికాలం పొద్దున్న తోస్తే గానీ కదలదు. దానితో ఆమె బెజవాడలో రెండు హాస్టళ్ళకు చేప వేస్తున్నది. వాయిదా కట్టిన ప్రతి రసీదునూ బిస్కట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక దాస్తున్నది.

“ఆకలేసుద్దే దానికి,” అని పున్నమ్మ ఇప్పటికీ అంటుంది.

“ఏస్తే వెయ్యనీ అత్తా. డబ్బా మూసే ఉందిగా.”

నాగులు ఆమెతో మాట్లాడడు. వీరమ్మ ఎదురుపడితే తల తిప్పుకుంటుంది.

కనుక మార్కెట్టు చెప్పే నాలుగు మాటలూ నిలవవు. నాగమల్లేశ్వరి అప్పు ఎగ్గొట్టలేదు; మూడు నెలలు ఆలస్యంగా, పూర్తిగా కట్టింది. తీర్చిన రుజువును తన చేత్తోనే నీళ్ళలో కలుపుకుంది. అది ఆమె పొరపాటు. ఎవరికీ లంచం ఇవ్వలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. తన మీద రాసిన అబద్ధాన్ని ఆధారం చూపి కొట్టివేయించింది, నిజాన్ని ముట్టుకోలేదు. బావగారి మీద తాను వేసిన అబద్ధాన్ని, నాలుగేళ్ళు ఆలస్యంగా, ప్రతిఫలం లేకుండా వెనక్కి తీసుకుంది. అక్కడా నిజాన్ని ముట్టుకోలేదు. ఆమె చేసినది ఇంతే.